ఘాటు లేదని రాసిన రోజు

నేను ముప్పై ఏళ్ళు ఉమ్మేసి బతికాను. హాస్యానికి అనడం లేదు. వరంగల్‌లో ఒక చాయ్‌పత్తా ప్యాకింగ్ కంపెనీలో నాది టేస్టరు ఉద్యోగం. పొద్దున్నే ముప్పై నలభై కప్పులు వరసగా పెట్టుకుని, ఒక్కో చెంచా నోట్లోకి జుర్రున పీల్చి, నాలుక మీద తిప్పి, పక్కనున్న ఇత్తడి తొట్టిలో ఉమ్మేసి, రిజిస్టర్‌లో రెండు ముక్కలు రాయడం. ఇందుకు నెలనెలా జీతం ఇచ్చేవారు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ ఈ సంగతి చెప్పలేక నానా తంటాలు పడింది. ‘కంపెనీల ఆఫీసరు’ అని దాటేసేది. ఒక పెద్దమనిషి వదలకుండా గుచ్చి గుచ్చి అడిగేసరికి, ‘చాయ్ తాగి ఉమ్మేస్తడు’ అని నిజం చెప్పేసింది. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళు మాత్రం ‘మింగెటోళ్ల కన్న ఉమ్మేసెటోడు నయమే గద’ అన్నారట. వాళ్ళమ్మాయే నా భార్య.

ఇప్పుడు మీరు తులసి చాయ్, నిమ్మగడ్డి చాయ్ అని రంగురంగుల డబ్బాలు కొంటున్నారు. తాగి, బాగుంటే ఐదు చుక్కలు, బాగాలేకపోతే ఒక చుక్క ఫోన్లో పెడుతున్నారు. మంచిదే. మా కాలంలో ఆ చుక్కలు పెట్టే హక్కు కంపెనీకి ఒక్క మనిషికే ఉండేది. మా కంపెనీలో ఆ మనిషిని నేను. ఆ హక్కుతో నేను చేసిన ఒక తప్పు గురించి మీకు చెప్పాలి.

మాది మగ్గం నేసే కుటుంబం. పెద్ద చదువు చదవలేదు. దూరపు చుట్టం ఒకాయన నన్ను కొచ్చిన్‌లో చాయ్ వేలంపాటలు జరిపించే ఆఫీసులో పెట్టించాడు. అక్కడ ఆరేళ్ళు కప్పులు కడిగి, నీళ్ళు కాచి, చివరికి రుచి చూడటం నేర్చుకున్నాను. డెబ్బైల మొదట్లో వరంగల్‌లో ప్యాకింగ్ కంపెనీ పెట్టిన సేటు, మన ఊరివాడే టేస్టరట అని విని పిలిపించాడు. తిరిగొచ్చిన మొదటి వారం నాకు ఒకటే దగ్గు. అప్పుడు మిర్చి సీజను. మార్కెట్‌కి వచ్చే బస్తాల దుమ్ము గాలిలోనే ఉండేది. మా అమ్మ నవ్వింది. ‘ఏం గాదు బిడ్డా, నాల్గు దినాలైతే అలవాటైతది’ అంది. నాలుగు రోజులు కూడా పట్టలేదు.

టేస్టరుకు చాలా పథ్యాలు ఉంటాయి. పాన్ వేసుకోకూడదు, సిగరెట్ తాగకూడదు, పొద్దున పూట పచ్చి ఉల్లిగడ్డ, వెల్లుల్లి, తొక్కులు ముట్టకూడదు. ఇవన్నీ నేను నిష్ఠగా పాటించాను. నా నాలుక మీద నాకు చాలా గర్వం ఉండేది. కప్పులో పావలా బిళ్ళంత బరువు ఆకు వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలాగి చెంచాతో పీల్చితే, ఆ ఆకు ఏ కొండ మీదిదో, ఏ నెలలో కోశారో చెప్పేవాణ్ణి. నేను రిజిస్టర్‌లో రాసిందే కంపెనీలో వేదం. ఇంకొకరి మాట ఆ పుస్తకంలోకి ఎక్కడం అనే ఆచారమే లేదు. మా గోదాముకు పక్క గోదాము మిర్చిదని, మధ్యలో ఉన్న గోడకు పైన చెయ్యి పట్టేంత సందు ఉందని నాకు తెలుసు. తెలిసినా అది నాకు ఒక సంగతిగా ఎప్పుడూ తోచలేదు.

డెబ్బైల చివర్లో సేటుకు కొత్త ఆలోచన వచ్చింది. మామూలు చాయ్‌పత్తాతో పాటు, పాలు కలపకుండా తాగే ఆకుల చాయ్ కూడా ప్యాకెట్లు కట్టాలని. ఏటూరునాగారం అవతలి ఊళ్ళ నుంచి ఎండబెట్టిన తులసి, నిమ్మగడ్డి, తంగేడు పువ్వు బస్తాల్లో తెప్పించాడు. వాటిని ఏరి, పుల్లలు తీసి, శుభ్రం చేయడానికి ఆ వైపు నుంచే వచ్చిన ఒకావిడను పనిలో పెట్టాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. భర్త చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి పెద్ద దవాఖానలో ఉన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె సత్తు గిన్నె చెంగుకింద పెట్టుకుని దవాఖానకు పరుగెత్తి, భర్తకు తినిపించి, మళ్ళీ గంట కొట్టేలోపు వచ్చి కూర్చునేది. పని పోతే ఊరికి పోవాలి, ఊరికి పోతే ఆయన్ని చూసేవాళ్ళు లేరు. ఇంతవరకు అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఒక ప్రకృతి చికిత్సాలయం నుంచి మాకు మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. కోస్తా వైపు ఊరు. అక్కడ రోగులకు మామూలు చాయ్ ఇవ్వరు, తులసి నిమ్మగడ్డి కలిపిన కషాయం ఇస్తారు. సరుకు సిద్ధమైంది. ఆ పొద్దున నేను ఆరు కప్పులు పోసి రుచి చూస్తుంటే ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. అలా టేస్టింగ్ గదిలోకి పనివాళ్ళు రావడం మా దగ్గర లేదు.

“సారు, గీ ఆకు జర ఘాటు కొడ్తాంది. నసాలానికి ఎక్కుతాంది” అంది.

“తులసికి ఘాటు ఉండదా అమ్మా?” అన్నాను తల ఎత్తకుండానే.

“తులసి ఘాటు నాకెర్క లేదా సారు. గిది గది గాదు. మిరప ఘాటు.”

నేను ఇంకొక చెంచా పీల్చాను. చల్లగా, శుభ్రంగా, చివర్లో నిమ్మ వాసన. మిరప అనేది ఎక్కడా లేదు. ఏరే మనిషి వచ్చి నాకు రుచి నేర్పుతుందా అని లోపల ఎక్కడో మండింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆ గదిలో నాకు తెలిసిన ఘాటు అదొక్కటే.

“నీ పని ఏరుడు. నా పని ఇది. ఎవరి పని వాళ్ళు చేసుకుందాం” అన్నాను. ఆమె తన బస్తాల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను రిజిస్టర్ తీసి, నా చక్కని రాతతో, ‘శుభ్రం. ఘాటు లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలకు సరుకంతా తిరిగొచ్చింది. దాంతో ఒక ఉత్తరం. కషాయం తాగిన రోగులకు గొంతు మంట, దగ్గు పట్టుకున్నాయని, మీ ఆకులో మిరప కలిసిందని రాశారు. సేటు నన్ను పిలిచాడు. నేను తిరిగొచ్చిన ప్యాకెట్ విప్పి మళ్ళీ కప్పులు పోశాను. మళ్ళీ నాకు చల్లగా, శుభ్రంగానే ఉంది. “వాళ్లే ఏదో కలుపుకున్నరు సేట్” అన్నాను. నరం లేని నాలుక అంటారు కదా, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నాది జీతం తీసుకుని తిరిగింది.

మా మేనేజరు అంతటితో ఆగలేదు. ఆర్డరు పోయింది కాబట్టి ఎవరో ఒకరు దొరకాలి. “గా అడివి మనిషే సేట్. దోపార గంట కొట్టంగనే కారం మెతుకులు తిని, చెయ్యి కడగకుండ వచ్చి ఆకుల పెడ్తది. ఇంకేం గావాలె” అన్నాడు. సేటు నా వైపు చూశాడు. ఆమె నాకు ముందే చెప్పిందన్న మాట నా నోటి దాకా వచ్చింది. చెబితే, అయితే నువ్వేం చేశావని అడుగుతారు. నేను నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. ప్యాకింగ్ హాల్లో అందరి ముందు మేనేజరు “కారం చేతులు” అన్నాడు. ఆమె తన రెండు చేతులు ముందుకు చాపి ఒకసారి చూసుకుంది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. అది చూస్తూ నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళకు కూడా ఆ చూపు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఆ తర్వాత వారం సేటు నన్ను ఏటూరునాగారం పంపాడు. అసలు ఆకు కొనే దగ్గరే ఏమైనా లోపం ఉందేమో చూసి రమ్మన్నాడు. తిరిగొచ్చిన ప్యాకెట్లు రెండు, నా కప్పులు, చెంచా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పోయిన మొదటి రోజే వాగు నీళ్ళు తాగి కడుపు పాడైంది. ఊరూరి ఆకు కాచి రుచి చూసే మొనగాడు వాగు నీళ్ళకు మంచమెక్కాడు. నేను దిగిన ఇంటి ముసలావిడ ఐదు రోజులు నాకు ఉప్పు వేసిన గంజి తప్ప ఇంకేం పెట్టలేదు. కారం పేరెత్తితే కసిరింది. “సావదల్చుకుంటె మీ ఊర్ల సావు” అంది.

ఆరో రోజు పొద్దున కాస్త లేచి కూర్చున్నాను. అక్కడి కొత్త ఆకు ఒక కప్పులో, నేను తెచ్చిన ప్యాకెట్ ఆకు ఇంకొక కప్పులో వేసి నీళ్ళు పోశాను. కొత్త ఆకు చక్కగా ఉంది. రెండో కప్పు మూత తీసేసరికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీరసం వల్లేమో అనుకున్నాను. చెంచా పీల్చాను. గొంతు పట్టేసింది. దగ్గి దగ్గి గోడకు ఆనుకున్నాను. ముసలావిడ పొయ్యి దగ్గర నుంచే “ఏందది, మిరపకాయలు కాలుస్తానవా?” అంది.

అదే కప్పు, అదే చెంచా, అదే ఆకు. మారింది నా నోరు ఒక్కటే. పుట్టిన ఊరి గాలికి నా ముక్కూ గొంతూ ఎన్నడో మొద్దుబారిపోయాయని, పొద్దున పూట తొక్కు మానేసి నేను కాపాడుకున్నదేమీ లేదని అక్కడ కూర్చుని తెలుసుకున్నాను. తన కంపు తనకింపు అన్న సామెత నా ఈడువాళ్ళందరికీ వచ్చు. అది నా ఉద్యోగం గురించి చెప్పిందని మాత్రం అనుకోలేదు.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడుతుంటే నాకు దగ్గు మొదలైంది. బస్సులో మిగతావాళ్ళు హాయిగా కునుకుతున్నారు. బస్సు దిగి నేరుగా కంపెనీకి వెళ్ళి, గోదాములో నిచ్చెన వేయించి ఎక్కాను. ఆ సందు అంచున ఎర్రటి పొడి, వేలితో గీస్తే గీత పడేంత మందంగా ఉంది. మా ఆకు బస్తాలు సరిగ్గా దాని కిందే పేర్చి ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టించింది కూడా నేనే, వానకు కప్పు కారని చోటని.

సేటుకు మొత్తం చెప్పాను. ఆమె ముందే చెప్పిందన్నది కూడా చెప్పాను. ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, “సందు సిమెంటు పెట్టిద్దాం. బస్తాలు జరిపిద్దాం. గీ ముచ్చట మాత్రం బయట పెట్టకు. టేస్టరుకే రుచి తెలుస్తలేదంటె కంపెనీ ఇజ్జత్ ఏంగావాలె?” అన్నాడు.

“మరి ఆమె?”

“ఇంకో మనిషి దొర్కుతది. నువ్వు ఫికర్ జెయ్యకు.”

నేను లేచి, నా గదిలోంచి రిజిస్టర్ తెచ్చి, ఆయన ముందే ఆ పేజీ తీసి, ‘ఘాటు లేదు’ అన్న మాటల్ని కొట్టేసి, ‘ఘాటు ఉంది. నాకు తెలియలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ధైర్యంతో చేశానని మీరు అనుకోవద్దు. ఉద్యోగం పోతే మళ్ళీ మగ్గం ముందు కూర్చోవాలి, అది నాకు సరిగా రాదు. కానీ ఆమె చేతులు చాపి చూసుకోవడం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సేటు ఆ పేజీ చూసి, నన్ను చూసి, “పో, తోలుకరా పో” అన్నాడు విసుగ్గా.

ఆమె ఇంకా ఊరికి పోలేదు, దవాఖానలో వార్డు బయట వరండాలో కూర్చుని ఉంది. లోపల మంచం మీద భర్త గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆమె లేవలేదు.

“అక్కా, తప్పు నాది. పనిలోకి రా” అన్నాను. ఆ రోజు తల ఎత్తకుండా ‘అమ్మా’ అన్న నోరు ఇప్పుడు ‘అక్కా’ అనడం నాకే కొత్తగా వినిపించింది.

“నేను ఆనాడే చెప్పిన గద సారు. మీరు ఇనలే.”

“వినలేదు.”

“పని ముచ్చట తర్వాత. నేను కారం ముట్టక ఆర్నెల్లాయె. మా ఆయన లేసి నడిసేదాంక ముట్టనని సమ్మక్క తల్లికి మొక్కిన. అంబలి, చింతపులుసు, గంతే. గీ కారం చేతుల ముచ్చట ఎవలో అచ్చి ఆయనకు చెప్పిండ్రు. నేను మొక్కు తప్పిన్నట. గందుకే ఆయన లేస్తలేడట. పదిహేను దినాల సంది నా మొకం సూస్తలేడు.” ఇంత చెప్పి ఆమె వార్డు తలుపు వైపు చెయ్యి చూపించింది. “నాకు చెప్పుడు గాదు సారు. ఆయనకు చెప్పుండ్రి.”

నేను ఒక మనిషి కూలి పోగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాను. అంతకన్నా పెద్దదేదో పోగొట్టానని ఆ వరండాలో తెలిసింది.

వార్డులోకి వెళ్ళి ఆ మంచం పక్కన నిలబడ్డాను. చుట్టుపక్కల మంచాలవాళ్ళు మా వైపు తిరిగారు. నేనెవరో, నా పనేమిటో చెప్పాను. ఆకులో మిరప పక్క గోదాము నుంచి పడిందని, ఆమె చేతుల్లోంచి కాదని, ఆమె వచ్చి చెబితే నేనే వినలేదని, నాకు మిరప వాసనే తెలియదని, ఐదు రోజులు గంజి తాగాక గానీ తెలియలేదని, అన్నీ చెప్పాను. ఊరికే ఉమ్మేసి బతికే ఉద్యోగం అన్నప్పుడు ఒక ముసలాయన నవ్వాడు. మంచం మీది మనిషి నవ్వలేదు. మెల్లగా, ఎంతో కష్టపడి, తల ఇటు తిప్పాడు.

“గీ మాట పదిహేను దినాల కింద చెప్పేది ఉండె సారు” అన్నాడు.

“ఉండె” అన్నాను.

తర్వాత ఆయన భార్య వైపు చూశాడు. “అంబలి తాగినవా?” అని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను బయటికి వచ్చేశాను.

మర్నాడు ప్యాకింగ్ హాల్లో కూడా అదే మాట అందరి ముందు చెప్పాను. మేనేజరు కిటికీ బయటకు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఏ ఆకు వచ్చినా నేను చెంచా ముట్టకముందు ఆమెను పిలిచేవాణ్ణి. ఆమె ఇన్ని ఆకులు అరచేతిలో నలిపి, ఒకసారి ఊది, వాసన చూసి, “సాఫ్ ఉంది” అనో, “జర ఎండబెట్టాలె” అనో చెప్పేది. రుచి నాది, వాసన ఆమెది. చికిత్సాలయం వాళ్ళు మళ్ళీ ఆర్డరు ఇచ్చారు. రిజిస్టర్‌లో మాత్రం సంతకం నాదొక్కటే ఉండేది. నేనూ మార్చలేదు, ఆమే అడగలేదు.

మరుసటి ఏడాది ఆమె భర్త కర్ర పట్టుకుని లేచి నడిచాడు. ఇద్దరూ సమ్మక్క జాతరకు పోయి, తల్లికి ఆయన బరువుకు తూచి నిలువెత్తు బెల్లం పెట్టి వచ్చారు. మా అందరికీ తలా ఒక ముక్క పంచింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె గిన్నెలో ఎర్రటి మిరప తొక్కు కనిపించింది. ఏడాదిన్నర తర్వాత తింటున్న తొక్కు. చెమటలు కారుతుంటే, ముక్కు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ తింది. హాల్లో ఆడవాళ్ళందరూ ఆమెను చూసి నవ్వారు. ఆమె భర్తను మా గేటు దగ్గర కాపలాకు పెట్టుకున్నారు కాబట్టి ఇద్దరూ ఊళ్ళోనే ఉండిపోయారు.

ఎనభైలు వచ్చాయి. ఒక ఎండాకాలం తంగేడు పువ్వు వచ్చింది. ఆమె నలిపి, ఊది, వాసన చూసి, “సాఫ్ ఉంది సారు, రాసుకోండ్రి” అంది. నేను చెంచా పీల్చాను. కమ్మగా ఉంది. కలం తీశాను. అప్పుడే సరుకెత్తుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన లారీ డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చిన మనిషికి కప్పు ఇవ్వడం మర్యాద కాబట్టి ఆమె మిగిలిన కషాయం ఆయనకు పోసింది. ఒక గుక్క తాగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు.

“ఏందండీ ఇది, మిరపకాయ కషాయమా? గొంతు మండిపోతందండీ” అన్నాడు.

ఆమె బస్తా దగ్గరికి పోయి తిరగేసి చూసింది. అది మిర్చి తెచ్చిన పాత గోనె సంచి. ఎవరో దులిపి మళ్ళీ వాడారు. ఆమె ఇన్ని పూలు తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ముక్కుకు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“నాకు తెలుస్తలేదు సారు” అంది చివరికి. “మొక్కు తీరినంక తింటాన గద. మీ ఊరి గాలి గూడ అలవాటైంది.” పూలు బస్తాలో వేసి, చేతులు దులుపుకుని, నా వైపు చూడకుండా అడిగింది. “ఇగ నన్ను తీసేస్తరా?”

నేను రిజిస్టర్ ముందుకు లాక్కుని రాశాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను, ఆమెకు చదువు రాదు. ‘నాకు తెలియలేదు. అక్కకూ తెలియలేదు. లారీ డ్రైవరుకు తెలిసింది. సరుకు ఆపాం.’ అక్క అన్న చోట ఆమె పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. కింద నా సంతకం పెట్టి, పక్కన ఆమె వేలిముద్రకు చోటు వదిలాను.

ఆమె ఇంకు డబ్బా వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది.

“ఇంకోపారి సదువుండ్రి సారు” అంది.

మళ్ళీ చదివాను.